ఆరు గుర్రాల ఇంజను

బేతంచెర్లలో మా నాయనకు బండలు పాలిష్ పట్టే షెడ్డు ఉండేది. ఊరికింకా కరెంటు రాలేదు. ఇంజను కొనడానికి కర్నూలు పోతూ నన్నూ తీసుకుపోయినాడు. "వంటింట్లో ఒక్క బల్బన్నా వెలిగేటట్టు చూడు" అని అమ్మ గడప దాకా వచ్చి చెప్పింది. మా వంటింటికి కిటికీ లేదు.

అంగడాయన రెండు ఇంజన్లు చూపించినాడు. చిన్నది మూడు గుర్రాల శక్తిది. డైనమో దానికే బిగించి ఉంది, ఇద్దరు మోస్తే యాడికైనా తీసుకుపోవచ్చు. "పగలు బండలు అరగదీస్తాది, రాత్రి ఇంట్లో బల్బులు వెలిగిస్తాది" అన్నాడు. పెద్దది ఆరు గుర్రాలది, దానికి డైనమో లేదు. మా నాయన సంతలో ఎద్దును చూసినట్టు పెద్దదాని చుట్టూ తిరిగి, వీపు చరిచి, "మూడు గుర్రాలది తీసుకపోతే ఊర్లో నవ్వరేమప్పా?" అని దాన్నే కొన్నాడు.

ఇంటికి రాగానే అమ్మ బల్బు సంగతి అడిగింది. "బుడ్డిదీపం ఉండాది గదా!" అని కసిరినాడు. ఆరు గుర్రాల్లో ఒక్కటీ వంటింటి వైపు రాలేదు.

మా బండల్లో మొగం చూసుకోవచ్చని ఊరూరా పేరొచ్చింది. గొప్పకు మా వంటింట్లోనూ అవే పరిపించినాడు. ఆ చీకట్లో అమ్మను ఏ మొగం చూసుకోమని?