బాగుందంటే ఒప్పుకోని బాబాయి

మొన్న మంగళవారం పొద్దున బాబాయి చనిపోయాడు. నేను ఎనిమిదో తరగతికి భిన్నాలు చెబుతున్నాను. మా స్కూలు ఆయా తలుపు దగ్గర నిలబడి, "టీచరమ్మా, మీ వీధిలో పళ్ళు చేసే బాబాయి లేడంట. నిద్రలోనే పోయాడంట" అంది. బోర్డు మీద సగంలో ఉన్న లెక్క పూర్తిచేసి మరీ బయటికి వచ్చాను. ఎందుకలా చేశానో తెలియదు. లెక్క తప్పలేదు గానీ, ఇంటికి రిక్షా ఎక్కి వచ్చానో నడిచి వచ్చానో ఇప్పటికీ గుర్తు రావడం లేదు. సాయంత్రం నమాజు వేళకు ఖబరస్తాన్‌కు తీసుకెళ్ళారు. ఆడవాళ్ళం వీధి మలుపు దాకా చూసి ఆగిపోయాం.

ఆయన నాకు చుట్టం కాదు. మా వీధిలో పుట్టినవాళ్ళకీ, నాలాగా కోడళ్ళుగా వచ్చినవాళ్ళకీ, అద్దెకు దిగినవాళ్ళకీ అందరికీ ఆయన బాబాయే. నరసరావుపేటలో ఇద్దరు ముగ్గురు డాక్టర్లకు కట్టుడు పళ్ళ సెట్లు చేసిచ్చేవాడు. ఇంటి ముందుగదే ఆయన పనిగది. సగం పల్నాడు ఆయన చేసిన పళ్ళతోనే జొన్నరొట్టె నమిలిందంటే అతిశయోక్తే, కానీ చిన్న అతిశయోక్తే. అయినా నేనీ నాలుగు మాటలు రాస్తున్నది ఆ పళ్ళ గురించి కాదు. ఆయన చేసిన కార్ల గురించి. అరచేతిలో పట్టే కార్లు. మీకు నవ్వొస్తే నవ్వండి, మొదట్లో నేనూ నవ్వాను.

పళ్ళ సామాను కోసం ఆయన రెండు నెలలకోసారి మద్రాసు వెళ్ళేవాడు. ఒకసారి అక్కడ బర్మా బజారులో ఒక అట్టపెట్టె కంటబడింది. పెట్టె మీద నిగనిగలాడే విదేశీ కారు బొమ్మ. ఇంటికొచ్చి విప్పితే లోపల కారు లేదు. ప్లాస్టిక్ చట్రాలకు అంటుకుని నూరు దాకా ముక్కలు ఉన్నాయి. ఒక్కొక్కటీ కోసి, ఆకురాయితో అరగదీసి, అతికించి, రంగు వేసుకుంటే నిజం కారులో ఇరవై నాలుగో వంతు కారు తయారవుతుంది. ఎలా చెయ్యాలో రాసిన కాగితం జపాను భాషలో ఉంది. ఆయన బొమ్మలు చూసుకుని చేసేశాడు. గొట్టంలో జిగురు ఎండిపోయి ఉంటే, పళ్ళ సెట్టుకు వాడే ద్రావకం చుక్క వేస్తే ఆ ప్లాస్టిక్కే కరిగి అతుక్కుంటుందని కనిపెట్టాడు. సీట్లు పెట్టెలో రాకపోతే, చిగుళ్ళు చేసే గులాబీ రంగు పొడితో పోతపోశాడు. బయట నల్లటి కారు, లోపల చిగుళ్ళ రంగు సీట్లు. దాని తలుపు తెరిచినప్పుడల్లా నాకు ఎవరో ఆవులించినట్టు ఉండేది.

ఎనభై రెండులో మా అత్తగారి పళ్ళ కోసం వెళ్ళినప్పుడు ఆ కారు చూశాను. అరలో, పళ్ళ కొలతకు పోతపోసిన సున్నపు దవడల మధ్య ఉంది. మా అత్తగారు మైనం సెట్టు కరిచిపట్టుకుని కుర్చీలో కూర్చుని ఉంది.

"ఇది ఎన్నో వంతు బాబాయ్?" అన్నాను.

"ఇరవై నాలుగో వంతమ్మా."

"అయితే స్టీరింగు పెద్దదైంది. ఈ లెక్కన నిజం కారులో సైకిల్ చక్రమంత ఉండాలి."

లెక్కల టీచర్ని, నోరు ఊరుకోదు. ఆ స్టీరింగు కూడా పెట్టెలో రాక ఆయనే చేసుకున్నాడని నాకేం తెలుసు? ఆయన స్కేలు తీశాడు, కొలిచాడు, కళ్ళద్దాలు తుడుచుకుని మళ్ళీ కొలిచాడు. మా అత్తగారు "ఊఁ, ఊఁ" అంటూ చేతులు ఊపుతోంది. ఆమె నోట్లో మైనం ఉన్న సంగతి ఆయనా మర్చిపోయాడు, నేనూ మర్చిపోయాను. "ఇన్నాళ్ళకి ఒక మనిషి దీన్ని సరింగా చూసింది. ఆదివారం రామ్మా" అన్నాడు. నేను వెళ్ళాను.

ఆదివారం పొద్దున ఆ ముందుగదిలో నలుగురం చేరేవాళ్ళం. బాబాయి, నేను, ఆర్టీసీలో డ్రైవరుగా చేసే అన్నయ్య, లారీలకు రంగులు వేసే పెయింటర్ తమ్ముడు. పెట్టెలు మద్రాసు నుంచి మిర్చి లారీల్లో వచ్చేవి. ఇంటి దగ్గర ఎవరి కారు వాళ్ళం చేసుకుని, పూర్తయ్యాక తెచ్చి ఆయన బల్ల మీద పెట్టేవాళ్ళం. అప్పుడు మిగతా ముగ్గురూ తప్పులు చెప్పాలి. డ్రైవరన్నయ్య చక్రాలు చూసేవాడు, తమ్ముడు రంగు చూసేవాడు, నేను కొలతలు చూసేదాన్ని. బాబాయి సందులు చూసేవాడు. పన్నుకీ పన్నుకీ మధ్య వెంట్రుకంత ఎడం పట్టే కన్ను అది.

పన్ను పీకాక డాక్టరు దూది ఉండ పెట్టి, కరిచిపట్టుకో, మాట్లాడొద్దు అంటాడు చూడండి. బాబాయి అదే పద్ధతి మాకూ పెట్టాడు. ఎవరి కారు బల్ల మీద ఉంటే వాళ్ళు దూది కరిచి కూర్చోవాలి. అందరూ చెప్పడం అయ్యేదాకా తీయకూడదు. "చేసినోడు నోరు తెరిస్తే సాకు వచ్చుద్దమ్మా. సాకు వచ్చినాక ఇంక తప్పు ఎవరికీ కనపడదు" అనేవాడు.

నా మొదటి కారు ఎర్రది. మూడు నెలలు కష్టపడ్డాను. డ్రైవరన్నయ్య వంగి చూసి, "ఈ బండి బాతు నడిచినట్టు నడుచుద్ది. చక్రాలు రెండూ చెరో దిక్కు చూస్తున్నయ్" అన్నాడు. తమ్ముడు రంగు కింద వేలిముద్ర చూపించాడు. బాబాయి అయితే, కొత్త పళ్ళు ఎక్కడ తగులుతున్నాయో చూసే నీలం కాగితం ముక్క ఒకటి చించి, బానెట్ కింద పెట్టి, నొక్కి తీశాడు. ఒక మూల మాత్రమే నీలం అంటింది. "ఈడ ఒక్కచోటే కరుస్తుందమ్మా. మిగతాదంతా గాల్లో ఉంది" అన్నాడు. నోట్లో దూది, కళ్ళల్లో నీళ్ళు. కారు తీసుకుని ఎవరికీ చెప్పకుండా ఇంటికి వచ్చేశాను. రెండు ఆదివారాలు అటు పోలేదు. మా ఆయన నా ఎర్రపెన్ను చూపించి, "పిల్లలకు నువ్వు చేసేది ఇదేగా, వాళ్ళకి దూది కూడా ఇవ్వవు" అన్నాడు. ఒళ్ళు మండింది. మూడో ఆదివారం బానెట్ అరగదీసుకుని వెళ్ళాను. బాబాయి ఏమీ ఎరగనట్టు నీలం కాగితం తీశాడు.

ఆయన దగ్గర చెల్లని మాట ఒకటి ఉండేది. బాగుంది. ఆ మాట అంటే గుమ్మం చూపించినట్టు లెక్క. "బాగుందంటే ఏందమ్మా అర్థం? ఇంక నీవైపు చూడను, పో అని" అనేవాడు. అది ఆయన పళ్ళ దగ్గర నేర్చుకున్నదే. ఒకసారి మాచర్ల నుంచి వచ్చిన ముసలామె కొత్త సెట్టు పెట్టుకుని, "బాగున్నయ్ నాయనా" అంది. ఆయన నమ్మలేదు. చేగోడీ ఇచ్చి నమలమన్నాడు. ఆమె చేగోడీని ఒక బుగ్గ నుంచి ఇంకో బుగ్గకు మార్చుకుంటూ కూర్చుంది. "చూశావా? తిట్టినామె పళ్ళు పెట్టుకుంటది. బాగున్నయ్యి అన్నామె డబ్బాలో దాచిపెట్టుద్ది" అని నాతో అన్నాడు. ఆమెను ఇంకో గంట కూర్చోబెట్టి, ఆమె తిట్టేదాకా అడిగి, సెట్టు సరిచేసి పంపాడు.

పిన్నికి ఈ కార్లంటే పడేది కాదు. "ఇంత వయసొచ్చి బొమ్మలాటలు" అనేది. కానీ మే నెల ఎండకు కిటికీలో పెట్టిన కారు పైకప్పు మెత్తబడి కుంగిపోతే, మర్నాడు ఆ కిటికీకి తడిపిన గోనెపట్టా కట్టింది ఆమే. అడిగితే, నా కోసం కట్టుకున్నాలే అంది.

పోయిన ఏడాది ఆయన చేతులు వణకడం మొదలైంది. ముందు కుడి చెయ్యి, తర్వాత రెండూ. డాక్టర్లు ఒక్క మాట అనలేదు. పని పంపడం మానేశారు, అంతే. అరలో సున్నపు దవడలు ఒక్కొక్కటే తగ్గిపోయాయి. ఇక ఆయనకు మిగిలింది ఆదివారం ఒక్కటే. ఆ వణికే చేతులతోనే ఐదు నెలలు కూర్చుని ఒక ఆకుపచ్చ కారు చేశాడు.

ఆ ఆదివారం కారు బల్ల మీద పెట్టి, దూది కరిచి, చేతులు రెండూ తొడల కింద పెట్టుకుని కూర్చున్నాడు. మేం చూశాం. తలుపు మీద రంగు చారలు కట్టింది. ముందు చక్రం ఒకటి బల్లకు ఆనలేదు. అద్దం మీద బొటనవేలి మరక. పైకప్పు రంగులో కుంచె వెంట్రుక ఇరుక్కుపోయి ఉంది. డ్రైవరన్నయ్య తమ్ముడి వంక చూశాడు, తమ్ముడు నా వంక చూశాడు. ఎనిమిదో తరగతి పిల్లలకు అరమార్కు వదలని నేను నోరు తెరిచి, "బాగుంది బాబాయ్" అన్నాను.

"చానా బాగుంది" అన్నారు మిగతా ఇద్దరూ. వాళ్ళ గొంతుల్లో ఊపిరి పీల్చుకున్న చప్పుడు నాకు వినిపించింది.

ఆయన దూది తీశాడు. "అంతేనా?" అన్నాడు.

"అంతే బాబాయ్."

"మంచిదమ్మా. నువ్వే ఉంచుకో" అని కారు నా చేతిలో పెట్టి లోపలికి వెళ్ళిపోయాడు.

తర్వాతి ఆదివారం తలుపు గడియ వేసి ఉంది. పడుకున్నాడమ్మా అంది పిన్ని. ఆ పై ఆదివారమూ అంతే. అలా ఆరు వారాలు. చివరికి పిన్నే ఒకరోజు పాలబూత్ దగ్గర నన్ను ఆపి, "ఏం జేశారే మీరు ఆయన్ని? 'చేతులు పోయినోడికి మర్యాద చేస్తున్నారు, నేను వాళ్ళ లెక్కలో లేను' అంటాడు. అన్నం ముందు కూర్చుని లేస్తాడు" అంది. ఆమె తిట్టి ఉంటే బాగుండేది. తిట్టలేదు, చెప్పింది.

శనివారం స్కూలు ఒంటిపూట. మధ్యాహ్నం ఆ కారును కిటికీ వెలుగులో పెట్టుకుని, భూతద్దమూ ఎర్రపెన్నూ తీసుకుని కూర్చున్నాను. తప్పులు రాశాను. రాస్తుంటే ఏడుపొచ్చింది, కానీ ఒక్కటీ వదల్లేదు. పద్నాలుగు తేలాయి. తేలాయి గానీ, ఆ కాగితం పట్టుకుని ఆయన గుమ్మం ఎక్కడానికి నాకు ఇంకో ఆరు రోజులు పట్టింది. ఎక్కింది శుక్రవారం సాయంత్రం. ఆయన పోవడానికి నాలుగు రోజుల ముందు. ఇంకో వారం తటపటాయించి ఉంటే ఏమయ్యేదో తలుచుకోవడం నావల్ల కాదు.

ఆయన మంచం మీద గోడవైపు తిరిగి ఉన్నాడు.

"ఏందమ్మా అది?"

"తప్పులు బాబాయ్. పద్నాలుగు."

ఇటు తిరిగాడు. చదవడం మొదలుపెట్టాను. మూడోది తలుపు మీది చారలు.

"చెయ్యి వణికిందమ్మా" అన్నాడు.

"సాకులు చెప్పొద్దు బాబాయ్."

పిన్ని వంటింట్లోంచి గరిటెతో సహా వచ్చింది. "ఏమే, నీకు బుద్ధుందా? మంచంలో ఉన్న మనిషితో ఇట్టాగేనా మాట్టాడేది?"

"నువ్వుండు. దాన్ని చెప్పనీ" అన్నాడాయన.

ఏడో తప్పు దగ్గర లేచి కూర్చున్నాడు. తొమ్మిదో దాని దగ్గర కాదన్నాడు, భూతద్దం చేతికిస్తే చూసి ఒప్పుకున్నాడు. పద్నాలుగూ అయ్యాక కారును తిప్పి తిప్పి చూశాడు.

"ఇంతేనా? వెనక బంపర్ తలకిందులుగా పెట్టా. అది కనపళ్ళేదా? ఏం చూశావమ్మా నువ్వు?"

నేను పదిహేను అని రాసుకున్నాను. ఆయన ముఖం చూస్తే నాకు ప్రాణం లేచివచ్చింది. ఈ మనిషంటే నాకెంత ఇష్టమో ఆ రోజు తెలిసినంతగా ఎప్పుడూ తెలియలేదు.

"ఇప్పుడేం చేద్దాం?" అన్నాను.

"రంగు తీసేసి మళ్ళీ వేద్దాం. మలుపులో మెకానిక్‌ని అడిగి బ్రేకాయిల్ పట్టుకురా."

బ్రేకాయిల్‌లో ముంచితే రంగు వదులుతుందట, ప్లాస్టిక్‌కు ఏమీ కాదట. చక్రాలూ అద్దాలూ ఊడదీసి, పిన్ని వద్దంటున్నా ఆమె స్టీలు గిన్నెలోనే కారును ముంచాం. గంటకు ఆకుపచ్చ రంగు ముడతలు పడి లేచింది. సబ్బునీళ్ళలో వేసి, పాత పళ్ళబ్రష్షుతో నేను తోముతున్నాను. పెద్ద రేకులన్నీ పోయాయి గానీ, ముందువైపు జాలీ గీతల్లో రంగు అలాగే ఉండిపోయింది. నా బ్రష్షు వాటి మీద జారిపోతోంది.

"ఇటియ్యి" అని ఆయన తీసుకున్నాడు. బ్రష్షు గీతల మీద ఆనించాడో లేదో, చెయ్యి వణకడం మొదలైంది. ఆ వణుకుకు బ్రష్షు ముందుకీ వెనక్కీ ఆడింది, నేను తోమినదానికన్నా వేగంగా. గీతల్లోంచి ఆకుపచ్చ నీళ్ళు కారాయి. ఆయన తన చెయ్యి వంక తనే వింతగా చూసుకున్నాడు. "ఈ పనికి నా చెయ్యే కరెక్టమ్మా" అని గట్టిగా నవ్వాడు. పిన్ని గరిటె పట్టుకుని గుమ్మంలో అలాగే నిలబడిపోయింది. జాలీ ఊచలు ఒక్కొక్కటే తెల్లగా బయటపడ్డాయి. కాసేపటికి కారు మీద ఎక్కడా రంగు మిగల్లేదు. ఆయన ఇంకా తోముతూనే ఉన్నాడు. నేను ఆపమనలేదు.