ఎడమవైపు వాల్చిన పువ్వు

మా వదిన హన్నమ్మకు అక్షరం ముక్క రాదు. కాని చర్చిలో బల్ల మీద పూలు చూస్తే చాలు, అవి దేనికి సర్దారో చెప్పేసేది. విసనకర్రలా విప్పి పెట్టారంటే పెళ్లి. నెలవంకలా రెండు కొనలూ పైకి లేపారంటే పండుగ. ఆకులతో గుండ్రంగా అల్లిన చక్రం శవపేటిక మీదికి. ఇదంతా ఆవిడకు చెప్పింది కూతురు సలోమి. కొల్లేటి ఒడ్డున మా పేట మొత్తానికి ఏలూరు బోర్డింగులో చదివిన ఆడపిల్ల అదొక్కతే. సెలవులకు వచ్చినప్పుడల్లా మా ప్రార్థన ఇంట్లో ఇత్తడి చెంబులో కలువలు సర్దేది. అన్నీ నిలబెట్టి, ఒక్క పువ్వును మాత్రం ఎడమవైపు చెంబు అంచు మీంచి కిందికి వాల్చేది.

"అదేంటే, పడిపోతాది!" అనేదాన్ని నేను.

"పడదు అత్తా, అది ప్రార్థన చేసుకుంటోంది" అని నవ్వేది.

అలాంటి బంగారం లాంటి పిల్లను మా అన్న పేతురు, పెళ్లాం పోయిన ఒక ముసలాడికి కట్టబెట్టబోయాడు. తోడబుట్టినవాడైనా చెబుతున్నాను, వాడికి బుర్ర లేదు. పెళ్లి ప్రధానం ఇంకా జరగకుండానే పిల్ల భీమడోలులో రైలెక్కి వెళ్లిపోయింది. ఏళ్లు గడిచినా కబురు లేదు. వదిన ఊడ్పుల్లో వంగినది వంగినట్టే ఏడ్చేది. "పెళ్లీ వద్దు, ఏమీ వద్దు. బతికుందని ఒక్కసారి కళ్లతో చూస్తే చాలు కనకం" అనేది.

పంతొమ్మిది వందల ముప్పై ఆరులో తొలికోతల పండుగకు కొత్త ధాన్యం పట్టుకుని ఇద్దరం ఏలూరులో ఒక చర్చికి వెళ్లాం. అయ్యగారు ప్రార్థన మొదలుపెట్టారో లేదో, వదిన నా చెయ్యి గిచ్చేసింది. బల్ల మీద చామంతులు, నెలవంక కట్టు. ఎడమవైపు ఒక తెల్ల చామంతి కిందికి వాలి ఉంది.

"నా పిల్ల చెయ్యే! ఓ దేవుడా, నా సలోమి చెయ్యే ఇది!" అని అంతమందిలో కేక పెట్టింది. అందరూ తిరిగి చూశారు. చూడనీ, నాకేం సిగ్గు? నేనూ ఏడ్చాను.

ఆరాధన అవగానే చర్చి ఊడ్చే సీమోనును పట్టుకున్నాం.

"పూలు సర్దింది ఎవరు బాబూ?"

"టీచరమ్మగారండి. పేరు తెలీదండి. తాడేపల్లిగూడెం నుంచి వచ్చి, నిన్ననే సర్దేసి వెళ్లిపోయారండి."

"పొట్టిగా ఉంటాదా? చామనచాయా?"

"అవునండి, అలాగే ఉంటారండి."

ఇంకేముంది! వదిన కాళ్లు నేల మీద నిలవలేదు. రైల్లో కూర్చుని తల దువ్వుకుంది. మాసిన చీర చూసుకుని, "ఈ అవతారంలో చూస్తే బెంగపెట్టుకుంటాదేమోనే" అంది. చచ్చిన మనిషి లేచి కూర్చున్నట్టుంది ఆవిడ మొహం.

గూడెంలో టీచరమ్మ ఇల్లు కనుక్కుని తలుపు కొట్టాం. తలుపు తీసినామె పొట్టిగానే ఉంది, చామనచాయే. కళ్లజోడు. వయసు ముప్పై దాటి ఉంటుంది. పేరు జీవరత్నమట.

వదిన ఆమె భుజం మీంచి లోపలికి చూస్తూ, "మా సలోమి లోపలుందా అమ్మా?" అంది.

"సలోమి ఎవరండీ? నేనొక్కదాన్నే ఉంటానండి."

నేనే విషయమంతా చెప్పాను. పాపం, ఆమె మొహం చిన్నబోయింది.

"ఏవండీ, మా ఏలూరు బోర్డింగులో దొరసానిగారు అందరికీ అలాగే నేర్పారండి. ఒక పువ్వు ఎడమవైపు వాల్చాలి. వాల్చకపోతే వేళ్ల మీద కొట్టేవారు. ఇప్పటికీ మాలో ఎవరు సర్దినా అలాగేనండి."

"అందరూనా?" అంది వదిన.

"అందరమూనండి."

"మా పిల్ల సొంతంగా పెట్టుకుందనుకున్నానే..."

జీవరత్నం మంచినీళ్లిచ్చింది. వదిన తాగలేదు. నాకు ఒళ్లు మండిపోయింది. అంతమంది ఆడపిల్లలకు ఒకే చెయ్యి అతికించి పంపిస్తే, కన్నతల్లి తన పిల్లను ఎలా పోల్చుకుంటుంది? ఎవరిని తిట్టాలో తెలియక, దారి పొడుగునా మా అన్నను తిట్టాను.

తిరుగు బండి ఎక్కాం. భీమడోలు వచ్చింది. నేను మూట తీసుకుని దిగాను. ఆవిడ కదల్లేదు.

"దిగవే తల్లీ, బండి కదులుతాది!"

"నువ్వెళ్లు కనకం. నేను మళ్లీ ఏలూరు పోతాను. అక్కడ ఇంకో చర్చి ఉందంట. ఆ తర్వాత బెజవాడలో ఉన్నాయంట."

"నీకు మతిగాని పోయిందా? అందరూ అలాగే పెడతారని ఆవిడ చెప్పింది కదా!"

"చెప్పింది. అందరూ అలాగే పెడతారంటే, ఆ అందర్లో నా పిల్లా ఉంటాది కదే" అంది. బండి కదిలిపోయింది.