ఆయుధపూజ నాటి బ్యాచ్

కరోనా సద్దుమణిగిన మరుసటి ఏడు నన్ను పెనుకొండ దగ్గరి ఒక చిన్న కణజీవశాస్త్ర ప్రయోగశాలకు సీనియర్ సైంటిస్టుగా పంపారు. పదవీ విరమణకు ముందు అదే చివరి పోస్టింగు. అక్కడ నాకంటే సీనియర్, లోపల పెట్టినవాటిని కోరినంత వేడిలో ఉంచే పెట్టె, ఇంక్యుబేటర్ ఒక్కటే.

మా పని కణాల చావు. చెడిన కణం, పని ముగిసిన కణం తనను తానే పద్ధతిగా చంపుకుంటుంది. దీన్ని అపోప్టోసిస్ అంటారు. పట్టుపురుగు గూడు కట్టడం పూర్తయ్యాక దాని పట్టుగ్రంథి కణాలు ఇలాగే పోతాయి. వేడి ఎక్కువైతే గూడు కట్టకముందే పోతాయి. ఆ దారి తెలిస్తే మనుషుల వడదెబ్బ గురించీ కొంత తెలుస్తుందని మా ఆశ.

ధర్మవరం నేతకారుల బిడ్డ లావణ్య నా దగ్గర పీహెచ్‌డీ చేసేది. రొద్దం రైతుల దగ్గర పురుగులు తెచ్చి, ఒక బ్యాచ్‌కు మామూలు మల్బరీ ఆకు, మరో బ్యాచ్‌కు మునగాకు రసం పూసిన ఆకు పెట్టింది. ఉన్నది ఒక్కటే ఇంక్యుబేటర్ కాబట్టి, రెండింటినీ వేర్వేరు రోజుల్లో వేడిలో ఉంచింది. మొదటి బ్యాచ్‌లో కణాలు చచ్చిపోయాయి. మునగాకు బ్యాచ్‌లో నిక్షేపంగా ఉన్నాయి. దాని మీద రాసిన పత్రాన్ని జర్నల్ వాళ్లు అంగీకరించారు. ఫెలోషిప్ గడువు దగ్గర పడింది. థీసిస్ మొత్తం ఆ ఒక్క ఫలితం మీదే నిలబడింది.

ఒక ఉదయం ఆమె ఫోన్ తెచ్చి నా బల్ల మీద పెట్టింది. ఆయుధపూజ రోజు ఇంక్యుబేటర్ ముందు నిలబడి అందరం దిగిన ఫోటో.

"మా నాయన నేసిన చీర సార్. అంచు ఎట్ల పడిందో చూపియ్యమన్యాడని పెద్దది చేసినా. ఎనకాల చూడండి."

బంతిపూల మాల సందులోంచి కనబడుతున్న డిస్‌ప్లేలో వేడిని చూపే అంకెలు లేవు. ఆ రోజు లోపల ఉన్నది మునగాకు బ్యాచ్.

అటెండర్ నారాయణప్పను పిలిచాం.

"పూజ పొద్దు మిషనుకు రెస్టు ఈయల్ల గదా సార్. బొట్టు పెట్టేటప్పుడు స్విచ్ తీసేసినా. సాయంత్రం మళ్లా ఏసినా" అన్నాడు గర్వంగా. మా ముఖాలు చూశాక గొంతు తగ్గింది. "ఏం పాపా, నీ సదువుకేమన్నా అయితాదా?"

"నీదేం లేదులే అన్నా. లోపల పురుగులుండాయని నీకు నేను చెప్పలేదు."

పత్రం వెనక్కి తీసుకునే ముందు ప్రయోగం మళ్లీ చేసి చూద్దామన్నాను. అదే ఫలితం వస్తే గొడవే ఉండదు.

"ఏమొచ్చినా, ఆ బ్యాచ్‌కు ఏడి తగల్లేదు గదా సార్" అంది. పత్రం వెనక్కి తీసుకుంటున్నానని ఆ రోజే జర్నల్‌కు రాసింది.

రెండోసారి రెండు బ్యాచ్‌లనూ కలిపి పెట్టాం. కణాలు రెండింట్లోనూ ఒకేలా చచ్చిపోయాయి. మునగాకు తిరిగి పప్పులోకి వెళ్లింది. ఫెలోషిప్ ఆగిపోయింది. లావణ్య హిందూపురంలో ఒక జూనియర్ కాలేజీలో పాఠాలు చెప్పుకుంటూ, మునగాకు కాపాడదని చెప్పే థీసిస్‌ను ఆలస్యంగా సమర్పించింది. డిగ్రీ వచ్చింది.

అక్కడ ఆయుధపూజ ఇప్పటికీ చేస్తున్నారట. ముందుగా ఇంక్యుబేటర్ ఖాళీ చేస్తారు.

అనుకున్న ఫలితం రానప్పుడు కరెంటునూ స్విచ్‌నూ యంత్రాన్నీ అనుమానిస్తాం. నచ్చిన ఫలితం వచ్చిన రోజు మాత్రం మిక్చర్ పంచుతాం. అనుమానించవలసింది ఆ రోజునే.