బెండతోట మేసిన ఎద్దు

కుండీల్లో మొక్కలకు చీడ పట్టిందని ఫోన్‌లో ఆర్డర్ పెట్టిన వేపనూనె నిన్న వచ్చింది. సీసా మూత తీయగానే విశాఖలోని మా మూడో అంతస్తు బాల్కనీ కాస్తా శృంగవరపుకోట దగ్గర మా అత్తవాళ్ల ఊరైపోయింది.

చిన్నప్పుడు వేసవి సెలవులంతా అక్కడే. పొద్దున్నే మామిడికాయ ముక్క నంజుకుంటూ చోడి అంబలి, ఆ తర్వాత వేళ్లు జిగురు కట్టేదాకా తాటిముంజలు, ఎండెక్కాక జీడిపిక్కలు కాల్చే పొగలో కళ్లు నులుముకుంటూ బిళ్లంగోడు, అందులో నేను ఓడిపోతే నా అరుపులకు వీధంతా బయటికొచ్చేది.

నాకు పదేళ్లప్పుడు ఒక మిట్టమధ్యాహ్నం, ఇటుకల బండి తోలే సింహాచలం మావ నల్ల ఎద్దు సరిగ్గా అత్త గుమ్మం ముందు మోకాళ్ల మీద కూలబడింది. కాడి కింద మెడంతా పచ్చిపుండు. లేవమని ఆయన తోక మెలిపెడుతుంటే, నేను అమ్మ ఫోన్‌తో ఆ పుండు ఫొటో తీసి, నోటికొచ్చినట్టు తిట్టాను.

"ఎద్దు నాది. పట్నం పిల్లవి, నీకేటి తెలుసే?" అన్నాడు.

మా పైడమ్మత్త వార్డు మెంబరు. ఆ ఎద్దుకు కాడి వేయొద్దని ఆమె అంతకుముందే పంచాయతీలో అడిగితే, పంట మేసిన పశువునైతే బందెలదొడ్డిలో కట్టేయగలం గానీ బండి లాగేదాన్ని మేమేం చేస్తామని తేల్చేశారట. ఆ రోజు ఆమె కాడి విప్పి, ఎద్దుకు బకెట్టెడు నీళ్లు పెట్టి, కళ్లతోనే నాకు పెరటి దడి చూపించింది. లాగేశాను. ఎద్దు మెల్లగా లేచి, లోపలికెళ్లి, కాపుకొచ్చిన బెండ మొక్కలు నమలడం మొదలుపెట్టింది.

"ఎద్దు నీదే బావా," అంది అత్త. "బెండతోట నాది. దొడ్డికి తోలుతన్నాను."

ఇటుకలు అక్కడే దింపేసి, రెండో ఎద్దు పక్కన తానే కాడి భుజానికెత్తుకుని, మావ ఖాళీ బండిని ఇంటిదాకా లాక్కెళ్లాడు. వెనక మేమంతా ఊరేగింపు. "మెలెట్టడానికి తోకొకటే తక్కువైందిరా సింహాచలం," అంది అరుగు మీది ముసలమ్మ.

దొడ్డిలో పెట్టిన పశువుకు మేత, నీళ్లు పంచాయతీయే చూడాలి. నా ఫొటో చూసిన ప్రెసిడెంటు, పశువుల డాక్టరు సరేననేదాకా వదలొద్దన్నాడు. తర్వాత కూడా పుండు మీద కాడి వేస్తే పోలీసులకు అప్పజెబుతానన్నాడు. రోజూ వేపనూనె రాసింది నేనే. మెడ మీద కొత్త వెంట్రుకలు మొలిచాకే గేటు తీశారు.

ఈమధ్య వెళ్తే దొడ్డి గోడలు లేవు, సెల్ టవర్ ఉంది. ఇటుకలు ట్రాక్టర్లో వస్తున్నాయి. కాడి కట్టే ఎద్దు ఊరంతా వెతికినా ఒక్కటీ లేదు. సింహాచలం మావ మాత్రం ఉన్నాడు. మా అత్త ఎదురైతే ఇప్పటికీ భుజం తడుముకుంటాడు.