ఆమిష్ అంటే మాంసం కాదు

మా తోడికోడలు పోయిందన్న కబురు పొద్దున్నే లంచ్ బాక్సులు సర్దుతుండగా వచ్చింది. ఫుజైరా నుంచి బావగారు ఫోన్ చేశారు. "నిద్రలోనే పోయిందమ్మా, గుండె ఆగిపోయిందన్నారు" అని, ఇంకేమీ చెప్పలేక ఫోన్ మా ఆయనకిమ్మన్నారు. దుబాయ్ దగ్గర మేముండే అజ్మాన్ నుంచి కొండల దారిన అక్కడికి చేరేసరికే తెలుగువాళ్ల వాట్సాప్ గ్రూపులో ఆమె ఫోటో, ఫోటో చుట్టూ పూలదండ, కింద వరసగా నమస్కారాలు కనిపించాయి. అన్నిటిలోనూ ఒకటే మాట. ఎంత ఓర్పు గల మనిషో! ఓర్పుకి మారుపేరు! భూదేవంత ఓర్పు!

అప్పట్నుంచి ఆ మాట వింటే నాకు ఒళ్లు మండుతోంది. మనిషి పోయిన దుఃఖం గుండెల్లో ఉంది గానీ, ఈ మంట నన్ను కుదురుగా ఏడవనివ్వడం లేదు. ఆమెకి ఓర్పు ఉందని వీళ్లకెలా తెలుసు? దాన్ని పరీక్షించిన వాళ్లకే కదా తెలిసేది! ఆమె చేతికి ఏ పని వచ్చో, ఆ ఇంట్లోంచి లిఫ్టు దాకా ఏ వాసన వచ్చేదో ఒక్కరంటే ఒక్కరు రాయలేదు. అందుకని నేను రాస్తున్నాను.

నేను ఆమెని అక్కయ్యా అని పిలిచేదాన్ని. బావగారిది ఓడలకి ఇంధనం నింపే కంపెనీలో ఉద్యోగం. మా అత్తయ్యగారు కూడా పెద్దకొడుకు దగ్గర ఫుజైరాలోనే ఉంటారు. అక్కయ్యకి పిల్లలు లేరు. దాని గురించి ఇక్కడ ఇంకేమీ రాయను, ఆమె బతికుండగా అందరూ కావలసినంత మాట్లాడారు.

కరోనా వచ్చిన ఏడాది ఇళ్లలో కూర్చుని నాలాంటి వాళ్లందరం ఫోన్లో చూసి కేకులు చేశాం, ఫోటోలు పెట్టాం, బయట తిరగొచ్చు అనగానే మైదా డబ్బాకి మూత పెట్టేశాం. అక్కయ్య పెట్టలేదు. వాళ్ల పై అంతస్తులో ఒక అమెరికన్ టీచరమ్మ ఉండేది. పెన్సిల్వేనియా నుంచి వచ్చింది. వాళ్ల ఊరి చుట్టూ ఆమిష్ వాళ్ల పొలాలేనట. ఆమిష్ వాళ్లంటే అక్కడి ఒక క్రైస్తవ శాఖ. ఇంటికి కరెంటు పెట్టించుకోరు, గుర్రబ్బండి మీద తిరుగుతారు, రొట్టె మాత్రం దివ్యంగా చేస్తారట. ఉడికించిన బంగాళాదుంప మెదిపి మైదాలో కలిపి, వెన్నా తేనే వేసి చేసే వాళ్ల రోల్స్‌ని టీచరమ్మ ఒకరోజు పళ్లెంలో పెట్టి తెచ్చింది. గుడ్డు ఉందని తెలిసి అక్కయ్య ముట్టుకోలేదు. మాది గుడ్డు గడప దాటి లోపలికి రాని ఇల్లు. కానీ వాసన చూసింది. మర్నాడే మెట్లెక్కి వెళ్లి గుడ్డు లేకుండా నేర్పమని అడిగింది.

"గుడ్డు లేకపోతే రాదంటుందమ్మా ఆవిడ. కర్డ్ ఈజ్ మై ఎగ్ అన్నాను. ఒకటే నవ్వు" అని నాకు ఫోన్లో చెప్పింది.

మొదటి వాయి రాళ్లలా వచ్చింది. బావగారు ఒకటి కొరికి, దవడ పట్టుకుని, "ఇవి పోర్టుకి పంపవే, లంగరుకి పనికొస్తాయి" అన్నారట. అక్కయ్య పట్టించుకోలేదు. రెసిపీ చలిదేశం వాళ్లది. కలిపిన ముద్దని వెచ్చని చోట పెట్టమంటుంది. ఫుజైరా ఎండాకాలంలో వెచ్చగా లేని చోటెక్కడ? వంటింట్లో పెడితే ముద్ద గిన్నె అంచు దాటి గట్టు మీదికి పాకేది, పుల్లబడిపోయేది. చివరికి ఆమె ఆ గిన్నెకి తడిబట్ట కప్పి హాల్లో ఏసీ కింద పెట్టడం మొదలుపెట్టింది. గాలి సూటిగా తగలకుండా మధ్యలో కుర్చీ అడ్డం. ఇంటికి ఎవరైనా వచ్చి ఆ కుర్చీ లాక్కుని కూర్చోబోతే, "అయ్యయ్యో, అది తీయకండి" అని పరుగెత్తుకొచ్చేది. దుంపలు ఉడికించిన నీళ్లు పారబోయనిచ్చేది కాదు. "గంజి పారబోస్తామా ఏవిటి?" అని, ఆ నీళ్లతోనే పిండి కలిపేది.

ముద్ద పొంగిందో లేదో వేలితో నొక్కి చూసేది. గుంట వెంటనే పూడిపోతే ఇంకా ఆగాలి. మెల్లగా, సగం దాకా పూడితే ఓవెన్‌లోకి. నేను గడియారం చూస్తుంటే నవ్వేది. "దాని పని దాన్ని చేసుకోనీ. తొందరపెట్టావనుకో, అలిగి కూర్చుంటుంది." పిండితో అంత మర్యాదగా ఉండే మనిషిని నేను ఇంకెక్కడా చూడలేదు. అది ఓర్పు కాదు, పనితనం. ఈ రెండింటికీ తేడా తెలియని వాళ్లే ఇవాళ గ్రూపులో దండలు వేస్తున్నారు.

ఇక రూబార్బ్. వసంతకాలంలో సూపర్ మార్కెట్లో ఎర్రటి కాడలు కట్టలుగా వస్తాయి, అక్కయ్య వాటిని అప్పటిదాకా ఎప్పుడూ చూడలేదు. టీచరమ్మ కొని తెచ్చి, వీటి కాడలే తినాలి, ఆకులు విషం, అందుకే కోసేసి అమ్ముతారు అని చెప్పిందట. అక్కయ్య ఒక ముక్క కొరికి, కళ్లు మూసుకుని, "చుక్కకూర!" అంది. తర్వాత నేను ఇంటర్నెట్లో వెతికితే నిజంగానే రెండూ ఒకే కుటుంబం మొక్కలు. "చూశావా, మనం ఆకు తిని కాడ పారేస్తాం, వాళ్లు ఆకు పారేసి కాడ తింటారు. మధ్యలో మొక్క ఏవనుకుంటుందో పాపం" అని పగలబడి నవ్వింది. మునక్కాడకి తీసినట్టు పీచు తీసి, ముక్కలు కోసి, పంచదారలో ఊరబెట్టి, పైన వెన్నలో నలిపిన పిండి చల్లి ఓవెన్‌లో పెట్టేది. బయటికి తీసేసరికి అంచుల వెంట గులాబీరంగు పాకం బుడగలు కక్కుతుండేది. అత్తయ్యగారికి దాన్ని చుక్కకూర కాడ హల్వా అని చెప్పింది. ఆవిడ గిన్నె గీకి మరీ తిన్నారు.

ఇప్పుడు నా కోపానికి అసలు కారణం చెబుతాను.

కరోనా ఆంక్షలన్నీ పోయాక వచ్చిన మొదటి వినాయక చవితికి ఫుజైరా ఇంట్లో చుట్టుపక్కల తెలుగు కుటుంబాలన్నీ కలిశాయి. అక్కయ్య పెద్ద ట్రే నిండా రోల్స్ చేసింది. పైన వెన్న రాసి, నిగనిగలాడుతుంటే తెచ్చి హాల్లో బల్ల మీద పెట్టి, "ఇవి ఆమిష్ రోల్సండీ" అని చెప్పి, రూబార్బ్ తేవడానికి వంటింట్లోకి వెళ్లింది. ఆ పేరు చెప్పడమంటే ఆమెకి ఇష్టం. టీచరమ్మ నేర్పింది కాబట్టి ఆమె పేరు చెప్పినట్టే అనుకునేది. నేను లోపలి గదిలో హారతికి సర్దుతున్నాను.

పక్క ఊరు ఖోర్ ఫక్కాన్ నుంచి వచ్చిన ఒకావిడ, అత్తయ్యగారికి బాగా స్నేహితురాలు, బుగ్గన వేలేసుకుని, "ఆమిషమా! పండగపూట!" అందట. మన భాషలో ఆమిషం అంటే మాంసం కదా. శుద్ధ నిరామిష భోజనం అని హోటల్ బోర్డుల మీద రాస్తారు చూడండి, అదే మాట. వెంటనే అత్తయ్యగారు లేచారు. ట్రే ఎత్తుకుని కారిడార్‌లో చెత్త పారేసే గొట్టం దగ్గరికి వెళ్లి, అన్నీ అందులో గుమ్మరించి, ఖాళీ ట్రే తెచ్చి బల్ల మీద పెట్టారు. ఒక్కటి విరిచి చూడలేదు. వంటింటి వైపు తిరిగి ఒక్క మాట అడగలేదు. కూర్చున్న వాళ్లలో కూడా ఎవరూ ఆపలేదు.

నేను గదిలోంచి బయటికి వచ్చేసరికి అక్కయ్య రూబార్బ్ గిన్నెతో వంటింట్లోంచి వస్తోంది. ఖాళీ ట్రే చూసి ఆమె మొహం వెలిగిపోయింది.

"అప్పుడే అయిపోయాయా!" అంది.

ఖోర్ ఫక్కాన్ ఆవిడే చెప్పింది, పారేశామని, ఎందుకు పారేశారో కూడా. అక్కయ్య ఒక్క క్షణం గిన్నె అలాగే పట్టుకుని నిలబడి, "పోనీలెండి" అంది.

"అడగొచ్చుగా అత్తయ్యగారూ! అందులో ఏముందో ఒక్క మాట అడగొచ్చుగా!" అని నేను అరిచాను.

"అడిగేదేవిటి? పేరులోనే ఉందిగా" అన్నారు ఆవిడ.

అక్కయ్య నా మోచెయ్యి పట్టుకుని, "పండగపూట వద్దమ్మా" అని, అందరికీ రూబార్బ్ వడ్డించింది. అందరూ తిన్నారు! పుల్లపుల్లగా భలే ఉందని మళ్లీ పెట్టించుకున్నారు కూడా. నేను మాత్రం పెట్టించుకోలేదు.

ఆ తర్వాత అక్కయ్య ఆ పేరు పలకడం మానేసింది. ఎవరింటికి తీసుకెళ్లినా దుంప బన్నులనే చెప్పేది. పిండి అదే, పెరుగు అదే, పొంగబెట్టే కుర్చీ చాటు అదే. దుంప బన్నులనగానే అందరూ ఎగబడి తిన్నారు, ఖోర్ ఫక్కాన్ ఆవిడ ఇంటికి కట్టించుకుని కూడా వెళ్లింది. నేను కోప్పడితే, "తింటున్నారుగా, పేరుదేముంది" అనేది అక్కయ్య. నాకు అర్థమయ్యేది కాదు. అంత ఇష్టంగా చెప్పుకున్న పేరుని అంత తేలిగ్గా ఎలా వదిలేసింది? వీళ్లకి భయపడిందా? ఆమె భయపడే మనిషి కాదే!

ఎప్పుడో అమెరికా తిరిగి వెళ్లిపోయిన టీచరమ్మకి అక్కయ్య పోయిన కబురు నేనే పెట్టాను. ఆవిడ ఏడుస్తూ వాయిస్ మెసేజ్ పంపింది. ఆ రోల్స్ మా ఊళ్లో వాటికన్నా మెత్తగా ఉండేవి, పెరుగు వల్లే అనుకుంటా, నేను కూడా ఇప్పుడు పెరుగే వేస్తున్నాను అంది. ఇన్ని సంతాపాల్లో నాకు సంతాపంలా వినిపించింది అదొక్కటే. ఓర్పు మాట ఆవిడ ఎత్తలేదు.

పదమూడో రోజు, శుభస్వీకారం నాడు నేను అజ్మాన్‌లో రోల్స్ చేసి, ట్రే ఒళ్లో పెట్టుకుని ఫుజైరా వెళ్లాను. ఆ ఇంట్లో, ఆ మనుషుల ముందు, వాటి అసలు పేరు చెప్పి పెట్టాలనే వెళ్లాను. గొడవ అయితే అయిందనుకున్నాను. భోజనాలకి విస్తళ్లు వేస్తున్నారు. ట్రే మీద బట్ట తీసి అందరికీ వినబడేలా చెప్పాను.

"ఇవి ఆమిష్ రోల్స్. అక్కయ్య చేసేవి."

ఖోర్ ఫక్కాన్ ఆవిడ మళ్లీ అదే వేలు బుగ్గన వేసుకుంది. "అదేవిటమ్మా, శుభస్వీకారం పూట ఆమిషం..."

నేను నోరు తెరిచేలోపే అత్తయ్యగారు మాట్లాడారు.

"మాంసం కాదు వదినా. ఆమిష్ వాళ్లని అమెరికాలో ఒక రకం మనుషులు. వాళ్ల రొట్టె ఇది. మైదా, దుంప, పెరుగు, వెన్న. గుడ్డు కూడా లేదు."

"మీకెప్పుడు తెలిసింది అత్తయ్యగారూ?" అన్నాను.

ఆవిడ నావైపు చూడలేదు. "ఆవేళే. మీరంతా వెళ్లాక కూర్చోబెట్టి చెప్పింది. పదిమందిలో పారబోశాను, మళ్లీ ఆ పదిమందినీ పిలిచి తప్పయిందని ఎలా చెప్పుకోనే అన్నాను. పోనీలెండి అత్తయ్యగారూ, పేరు మార్చేస్తాను, ఎవరికీ గుర్తుండదు అంది."

అదీ సంగతి. ఆవిడ పరువు కాపాడటానికి అక్కయ్య తన రొట్టె పేరు దాచేసింది. ఇన్నేళ్లూ అత్తయ్యగారు దుంప బన్నులని పిలుస్తూ, అడిగి మరీ తింటూ, ఒక్కసారి కూడా నలుగురిలో ఆ మాట అనలేదు. అనడానికి కోడలు పోవాల్సి వచ్చింది. నాకు ఆవిడ మీద జాలి కలగలేదు. చదివేవాళ్లు ఏమైనా అనుకోండి, కలగలేదు.

ఆవిడ నా చేతిలోంచి ట్రే తీసుకున్నారు. ఈమధ్య మోకాళ్ల నొప్పులతో రెండడుగులు వేస్తే కూలబడే మనిషి, వంగి ఒక్కో విస్తరిలో ఒక్కో రోల్ పెడుతూ, ప్రతి ఒక్కరికీ విడివిడిగా చెప్పుకుంటూ వెళ్లారు. "ఆమిష్ రోలండీ. మా పెద్దకోడలు చేసేది. ఆమిష్ రోలు బాబూ." బావగారి దగ్గరికి వచ్చేసరికి పేరు సగమే పలికారు. వరస చివరికి చేరాక ట్రేలో ఇంకా కొన్ని మిగిలాయి. అలవాటు కొద్దీ వంటింటి వైపు తిరిగి, "ఏవమ్మా, నువ్వు కూడా వచ్చి..." అని ఆగిపోయారు. ట్రే అలా రెండు చేతులా పట్టుకుని వంటింటి గుమ్మంలోనే నిలబడిపోయారు.