రెండంగుళాల నల్లచార

మా వీధిలో బొమ్మలకు ఫ్రేములు కట్టే ఆవిడను అందరూ అంగుళాలమ్మ అనేవారు. ఎవరు ఏ కొలత చెప్పినా నమ్మేది కాదు. "మీ లెక్క మీ దగ్గరే ఉంచుకోండి" అని ముఖం మీదే అనేసి తన టేపు తీసి కొలిచేది. ఆవిడ నవ్వగా చూసినవాళ్లు తక్కువ. ఎదురుగా ఉన్న ఫ్రేముల దుకాణం ఆవిడ తమ్ముడిది. ఇద్దరి మధ్యా ఇరవై అడుగుల రోడ్డు, ఆరేళ్ల పగ. అది ఎలా మొదలైందో ఆవిడే నాకు చెప్పింది. ఎలా రచ్చకెక్కిందో మాత్రం నేనే చెప్పాలి. అందులో నా చెయ్యి ఉంది.

తమ్ముడి దుకాణం నిజానికి వాళ్ల నాన్నది. పదమూడో ఏట నుంచి ఆయన పక్కన నిలబడి చెక్కపట్టీ కోయడం, మూలలు సందు లేకుండా కలపడం నేర్చుకున్నది ఆవిడే. ఆయన పోయాక దుకాణం మాత్రం కొడుకు పేరున మారింది. ఆవిడ వెనక బల్ల దగ్గర, అతను ముందు కౌంటరు దగ్గర పంతొమ్మిదేళ్లు నెట్టుకొచ్చారు. చిన్నప్పటి నుంచీ ఒకరి పొడ ఒకరికి గిట్టదు.

అలాంటప్పుడు ఆ కొత్తరకం బొమ్మలు వచ్చిపడ్డాయి. ఏ డెబ్బై ఏళ్ల కిందటో పేరున్న చిత్రకారులు వేసినవాటికి అచ్చు కాపీలు. మనిషి లేడు, చెట్టు లేదు. ఉత్త రంగుల పలకలు, చారలు, చిందిన మరకలు. కొత్త అపార్టుమెంట్లలో గోడలు బోసిగా ఉన్నాయని జనం ఎగబడి కొన్నారు. సోఫా గుడ్డ ముక్క పట్టుకొచ్చి దానికి నప్పే బొమ్మ ఏరుకునేవారు.

"మా వంటింట్లో పెచ్చులూడిన గోడకి అద్దం బిగిస్తే ఇంతకంటే బాగుంటుంది" అని అంగుళాలమ్మ వెనక నుంచి గొణిగేది.

తమ్ముడు ఒకే సైజు ఫ్రేములు గుట్టగా తెప్పించాడు. బొమ్మలేమో వాటికంటే రెండంగుళాలు పొడుగు. కత్తెర తీసుకుని అడుగు అంచు కోసేయడం మొదలుపెట్టాడు. మొదట బలైంది ఎర్రపలక బొమ్మ. దాని అడుగున ఈ చివర నుంచి ఆ చివరకి ఒక నల్లచార ఉంటుంది. అది కాస్తా చెత్తబుట్టలో పడింది.

"ఒరేయ్, అది బొమ్మలో భాగంరా!"

"పైనేదో కిందేదో తెలియని బొమ్మకి చార ఉంటే ఎంత, ఊడితే ఎంత అక్కా?"

"నాన్న ఉంటే నీ చెయ్యి విరిచేవాడు."

"నాన్న లేడు. దుకాణం నాది. నువ్వు కోస్తావా, బయటికి నడుస్తావా?"

ఆవిడ నడిచింది. నాన్న రంపం చంకన పెట్టుకుని మరీ నడిచింది. గుమ్మం దగ్గర మరదలు అడ్డొచ్చి, "ఆ రంపం దుకాణానిది వదినా" అంది.

"నీ మొగుడికి పట్టుకోవడం వచ్చా? వస్తే చెప్పు, ఇచ్చేస్తా."

నెల తిరక్కుండా ఎదురుగదిలో దిగి, "ఇక్కడ బొమ్మలు కోయబడవు" అని బోర్డు పెట్టింది. తమ్ముడు "ఏ సైజైనా అరగంటలో" అని అంతకు రెట్టింపు బోర్డు పెట్టాడు. పొద్దున్నే గాలివాటం చూసుకుని మరీ, రంపపు పొట్టు అటు వాళ్లు ఇటూ ఇటు వాళ్లు అటూ ఊడ్చేవారు.

నేను డ్రాయింగు టీచరుగా చేసి రిటైరయ్యాను. ఈ గొడవ తెలియక ముందే అదే ఎర్రబొమ్మ తమ్ముడి దగ్గర కొని పడగ్గదిలో పెట్టుకున్నాను. చూసినప్పుడల్లా ఆ ఎరుపు నిలబడలేక కిందికి జారిపోతున్నట్టు ఉండేది. లోపం నా కళ్లదే అనుకున్నాను. ఒకరోజు లైబ్రరీలో ఒక పుస్తకంలో ఆ చిత్రం పూర్తిగా కనబడింది. అడుగున నల్లచార! ఒళ్లు మండిపోయింది. బొమ్మ తీసుకుని నేరుగా అతని దగ్గరికి వెళ్లాను.

"మాకు అలాగే వచ్చిందండీ" అన్నాడు, తల ఎత్తకుండా.

రోడ్డు దాటి అంగుళాలమ్మకు బొమ్మ చూపించి, చార ఏమైందని అడిగాను. ఆవిడ టేపు, పటకారు తీసుకుని, ఆరేళ్ల తర్వాత మొదటిసారి ఆ గుమ్మం ఎక్కింది. కౌంటరు దగ్గర నలుగురు కొనేవాళ్లున్నారు. వాళ్ల ముందే ఫ్రేము బోర్లించి, మేకులు పీకి, వెనక అట్ట తీసి, కాగితం పైకెత్తి పట్టుకుంది. మూడువైపులా మిషను కోసిన అంచు తిన్నగా ఉంది. నాలుగోది కత్తెర నడిచిన దారిన వంకర్లు పోయింది.

"ఇది కంపెనీ కోతా? నీ కోతా? చెప్పరా!"

అతని ముఖం ఎర్రబడింది. ఖాళీ ఫ్రేము ఎత్తి నేలకేసి కొట్టాడు. అద్దం భళ్లుమంది. కొనేవాళ్లు ఒక్కొక్కరే జారుకున్నారు.

"నీకు ఈ బొమ్మలంటే అంత ప్రేమా? ఒక్కటైనా నీ గోడకుందా?" అని అరిచాడు.

"ప్రేమా, పాడా! ఆ చార ఉన్నా లేకపోయినా నాకొకటే. కోసింది నువ్వు కాబట్టి ఊరుకోలేదు."

ఆ మాటకి నేను బిత్తరపోయాను. అంతవరకూ ఆవిడ పోట్లాట బొమ్మ తరఫున అనుకున్నాను.

ఇంత జరిగినా అతని బేరాలేమీ పడిపోలేదు. జనానికి కావలసింది అరగంటలో పని. ఆవిడ దగ్గరికి నాలాంటి చాదస్తులే వెళ్లేవారు. రెండేళ్ల తర్వాత ఫ్యాక్టరీలోనే ఫ్రేము కట్టిన బొమ్మలు పెద్ద షాపుల్లో దొరకడం మొదలయ్యాక అతని గిరాకీ పల్చబడింది. దుకాణం ఎత్తేసి ఊరి అవతలికి మారిపోయాడు.

సామాను లారీకెక్కుతుంటే ఆవిడ తన గుమ్మంలో నిలబడి చూసింది. తమ్ముడు ఇటు తిరగలేదు. మరదలు మాత్రం అలవాటు కొద్దీ "వెళ్లొస్తాం వదినా" అనేసి నాలిక్కరుచుకుంది.

"వెళ్లండి" అంది ఆవిడ.

సాయంత్రం నేను వెళ్లేసరికి అద్దాలు తుడుస్తోంది. "పీడ విరగడైంది కదా, సంతోషమేనా?" అన్నాను.

"సంతోషం రాలేదండీ" అంది. నా ముఖంలో జాలి కనబడినట్టుంది, వెంటనే గుడ్డ విదిలించి, "అలాగని ఏడుస్తున్నాననుకోకండి. వాడొస్తే ఇప్పుడైనా గుమ్మం ఎక్కనివ్వను" అంది.

అతను రాలేదు. ఆవిడా కబురు పెట్టలేదు.