పుంటా డెల్ ఎస్తేకి సర్దిన పెట్టె

దక్షిణ అమెరికాలో ఉరుగ్వే అనే చిన్న దేశం అంచున, అట్లాంటిక్ సముద్రంలోకి చొచ్చుకుపోయిన నేల మీద పుంటా డెల్ ఎస్తే అనే ఊరుంది. డబ్బున్నవాళ్ళు, సినిమావాళ్ళు వెళ్ళి సేదతీరే చోటు. నేనెప్పుడూ ఆ ఊరు చూడలేదు. అయినా ఇరాక్ సైన్యం కువైట్‌ను ఆక్రమించిన ఏడాది సెప్టెంబరులో, కువైట్ నగరం పక్కనున్న హవల్లీలోని ఒక పాత ఇంట్లో కూర్చుని, ఆ ఊళ్ళో ఎక్కడ దిగాలో, ఏం తినాలో, ఏ బట్టలు తీసుకెళ్ళాలో రోజుల తరబడి మాట్లాడాను.

అప్పుడు నేను ఒక ఇంగ్లిష్ దినపత్రికలో సబ్ ఎడిటర్ని. సైనికులు వచ్చిన మొదటి వారంలోనే మా ఆఫీసు మూతపడింది. నా భార్యాపిల్లలు బడి సెలవులకని ముందే బెజవాడ వెళ్ళి ఉండటం మా అదృష్టం. పగలు రొట్టె కోసం వరసలో నిలబడటం, మిగతా వేళ రేడియో చెవి దగ్గర పెట్టుకోవడం తప్ప నాకు పని లేదు.

మా భవనం వెనక సందులో ఒక కువైటీ ముసలావిడ ఇల్లుండేది. చుట్టూ అన్నీ ఫ్లాట్లయినా ఆమె ఆ ఇల్లు వదల్లేదు. కొడుకు కుటుంబంతో యూరప్ వెళ్ళి, యుద్ధం వల్ల అక్కడే ఆగిపోయాడు. ఇంట్లో ముసలావిడ, ఆమెను చూసుకునే రాయచోటి వైపు ఆడమనిషి మిగిలారు. గల్ఫ్‌లో పనివాళ్ళు ఇంటి యజమానురాలిని మామా అంటారు. ఆ ఆడమనిషి కోడలిని మామా అనేది కనుక ఈవిడను పెద్ద మామా అనేది. నన్ను అన్నా అనేది.

పెద్ద మామాకు చక్కెర జబ్బు, మోకాళ్ళ నొప్పులు, వాటిని మించి మతిమరుపు. దేశం పోయిందని పొద్దున చెబితే మధ్యాహ్నానికి మరిచిపోయేది. అందువల్ల సైనికుణ్ణి చూసిన ప్రతిసారీ ఆమెకు అదే మొదటిసారి. "ఎవడ్రా నువ్వు? మా వీధిలో నీకేం పని?" అని గట్టిగా అరిచేది. రొట్టెల కొట్టు దగ్గర ఒకడు నవ్వి ఊరుకున్నాడు. ఇంకొకడు తుపాకి ఎత్తాడు. మా రాయచోటి ఆమె అడ్డం నిలబడి, ముసలావిడ తల వైపు వేలు చూపిస్తూ, పిచ్చిది, పిచ్చిది అని అరబీలో బతిమాలుకుంది.

ముసలావిడకు మరుపు రాని సంగతి ఒక్కటే. యూరప్ వెళ్ళే ముందు కొడుకు, శీతాకాలంలో అందరం పుంటా డెల్ ఎస్తే వెళ్దామని చెప్పి, ఆ ఊరి రంగుల పుస్తకం ఒళ్ళో పెట్టి వెళ్ళాడు. పొద్దున లేస్తూనే "ప్రయాణం ఇవాళేనా?" అని అడిగేది.

మనవాళ్ళను బస్రా, బాగ్దాద్‌ల మీదుగా జోర్డాన్‌కు చేర్చే బస్సులు అప్పటికి మొదలయ్యాయి. రాయచోటి ఆమెకూ చోటు దొరికింది. కానీ ముసలావిణ్ణి ఎవరికి అప్పగించి వెళ్ళాలి? పైగా పాస్‌పోర్టు చేతిలో లేదు. పనివాళ్ళ పాస్‌పోర్టు కఫీల్, అంటే వీసా ఇచ్చిన యజమాని, దగ్గర ఉంచుకోవడం అక్కడి పద్ధతి. అది కొడుకు ఇనప బీరువాలో ఉంది. తాళం ముసలావిడ మెడలో ఉంది. ఎవరికీ ఇచ్చేది కాదు.

ఇంతలో ముసలావిడ చెల్లెలి కూతురు కారులో వచ్చింది. సౌదీ సరిహద్దు దగ్గర కువైటీ ఆడవాళ్ళను, ముసలివాళ్ళను పోనిస్తున్నారని, ఎప్పుడు మూసేస్తారో తెలియదని చెప్పింది. పెద్దమ్మను తీసుకుపోతానంది. ముసలావిడ గడప పట్టుకుని కూర్చుంది. ఇల్లు వదిలి ఎక్కడికీ రానంది.

ఆ సాయంత్రం రాయచోటి ఆమె మా తలుపు కొట్టింది.

"అన్నా, ఆ సముద్రం ఊరు సంగతి నీకేమన్నా తెల్సునా?"

తెలుసు. మా పత్రిక సెలవుల పేజీకి ఆ ఊరి మీద వచ్చిన వ్యాసాన్ని దిద్ది, శీర్షిక పెట్టినవాణ్ణి నేనే.

"ముసిల్ది ఇల్లిడిసి రాదు. ఆ ఊరికంటే మాత్రం ఇప్పుడే లేస్తాది. ఆడికే పోతాండామని చెబ్దాం."

"అక్కడికి విమానంలో వెళ్ళాలమ్మా. ఇక్కడ విమానాలెక్కడున్నాయి?"

"దమ్మాంలో ఎక్కాలని చెప్పు. సౌదీలోదే గదా. నువ్వు చెప్తే నమ్ముతాది."

"నేను అబద్ధం చెప్పాలా?"

"పేపర్లో పన్జేసేటోడివి, నీకు నేను నేర్పాల్నా?" అంది. యుద్ధం మొదలయ్యాక నేను నవ్వింది అప్పుడే అనుకుంటాను.

మర్నాటి నుంచి నేను ప్రయాణాల ఏజెంటునయ్యాను. ముసలావిడ దిండ్లకు ఆనుకుని కూర్చుని, నాకు అర్థమయ్యే కొద్దిపాటి అరబీలో నన్ను నిలదీసేది.

"అక్కడ రొయ్యలు దొరుకుతాయా?"

"దొరుకుతాయి."

"మసీదు?"

నాకు తెలియదు. ఉందన్నాను.

"పలచటి బట్టలు పెట్టు" అని పనిమనిషికి చెప్పింది.

"ఇప్పుడక్కడ చలి. ఉన్నివి పెట్టించండి" అన్నాను. మనకు ఎండలు కాసేటప్పుడు వాళ్ళకు చలికాలమని వ్యాసంలో చదివాను.

"సముద్రం ఊరికి చలిలో రమ్మన్నాడా నా కొడుకు? వాడికి చిన్నప్పటి నుంచీ బుద్ధి తక్కువే."

రంగుల పుస్తకంలో ఒక బొమ్మ ఆమెకు బాగా నచ్చింది. ఆ ఊరి ఒడ్డున ఇసుకలోంచి పెద్ద పెద్ద చేతివేళ్ళు పైకి లేచి ఉంటాయి, రాయిలాంటి దాంతో కట్టినవి. వాటి పక్కన నిలబడి ఫొటో తీయించుకుంటానంది. రాయచోటి ఆమె ఆ పేజీ వైపు చూసేది కాదు. "ఎవుర్నో పానంతోనే పూడ్చినట్టుండాదన్నా" అనేది. అప్పటికి మా వీధి చివరి ఇంటి మనిషిని సైనికులు తీసుకుపోయి వారమైంది. ఎక్కడికో ఎవరికీ తెలియదు.

మేం అనుకోని మేలు కూడా ఒకటి జరిగింది. పెట్టె సర్దిన రోజున, ప్రయాణమన్నాక పాస్‌పోర్టులు తీయాలి కదా అంటూ ముసలావిడ తనంతట తనే మెడలోంచి తాళం తీసింది. రాయచోటి ఆమె నా వైపు చూసింది. ఆ ముఖం నాకింకా గుర్తుంది. కానీ ముసలావిడ బీరువా దగ్గర నిలబడి, తన పాస్‌పోర్టు, ఆమె పాస్‌పోర్టు రెండూ తన చేతి సంచిలో పెట్టుకుని దాని మూతి బిగించింది. ఆ ఇంట్లో పద్ధతి అదట. మక్కాకు వెళ్ళినా, లండన్ వెళ్ళినా అందరి పాస్‌పోర్టులూ పెద్దావిడ సంచిలోనే.

"నాకియ్యి పెద్ద మామా, నేను పెట్టుకుంటా" అని ఆమె అడిగింది.

"నువ్వు పారేస్తావు. ఖలాస్" అంది ముసలావిడ. రాత్రి ఆ సంచి తల కింద పెట్టుకుని పడుకుంది.

తెల్లవారాక కారు వచ్చింది. ముసలావిణ్ణి ఎక్కించి, ఎలాగోలా సంచి తీసుకుని తను దిగిపోవాలన్నది పనిమనిషి ఆలోచన. ఆమె బస్సు మర్నాడు. ముసలావిడ వెనక సీట్లో కూర్చుని, సంచి ఒళ్ళో పెట్టుకుని, పక్కన సీటు తట్టింది.

"యల్లా, ఎక్కు."

"నేను ఎనక కారులో వస్తా పెద్ద మామా. ఆ సంచి ఇట్ల ఇయ్యి, సర్దుతా."

"మనిషి లేకుండా నేనెప్పుడైనా ప్రయాణం చేశానా? అక్కడ నాకు స్నానం ఎవరు చేయిస్తారు?" అంటూ ఒక కాలు కింద పెట్టింది. గొంతు పెరిగింది. సందు మొదట్లో ఇద్దరు సైనికులున్నారు. చెల్లెలి కూతురు స్టీరింగు మీద తల పెట్టుకుంది.

సంచి లాక్కుంటే ముసలావిడ అరుస్తుంది. అరిస్తే సైనికులొస్తారు. వదిలేస్తే పాస్‌పోర్టు సరిహద్దు దాటిపోతుంది. రాయచోటి ఆమె తన బట్టల మూట నా చేతికిచ్చింది.

"కారెక్కితే నిద్రపోతాదన్నా, ఎప్పుడూ అంతే. దోవలో అహ్మదీ ఊరు దాటేలోపల తీసుకోని దిగేస్తా. ఆడ మనోళ్ళ లారీలుంటాయి." కారెక్కి తలుపేసుకుంది.

ఆ రాత్రి ఆమె రాలేదు. మర్నాడు బస్సు వెళ్ళిపోయింది. ఆ పై రోజు నీళ్ళ ట్యాంకరు మీంచి మా వీధిలో దిగింది. పెదాలు పగిలి ఉన్నాయి. నీళ్ళు తాగాక చెప్పింది.

"నిద్ర పోల్యాదన్నా. ఒక్క రెప్ప ఎయ్యల్యాదు. ఊరికి పోతాండామని ఒకటే సంబరం. రొయ్యలంట, ఫొటోనంట, దారంతా మాటలే. సోల్జర్ల కాడ గూడా నవ్వుకుంటానే ఉండాది, ఒక్కర్నీ తిట్టల్యా. నేను అహ్మదీలో ఎట్ల దిగేది? సంచి రెండు చేతుల్తో పట్టుకోనుండాది. ఆఖరు చెక్‌పోస్టు కాడ ఒగడు తలుపు తీసి, 'హిందీవి, ఇండియా మనిషివి, నీ దోవ బాగ్దాద్ పక్క' అని రెక్క పట్టి గుంజినాడు. పాస్‌పోర్టు, పాస్‌పోర్టు అంటాండా. కారు పోనియ్యమని రేకు మీద కొడ్తాండారు. కారు తోలే ఆయమ్మ పోనిచ్చింది. ఏం జేస్తాది, ఆగితే ఆమెనీ దించుతారు."

"ముసలావిడ ఏమంది?"

"అద్దంలోంచి చెయ్యి ఊపినాది. తొందరగా రమ్మని."

పెట్టె వెళ్ళింది, ఉన్ని బట్టలు వెళ్ళాయి, పాస్‌పోర్టనే ఆ చిన్న నీలం పుస్తకం కూడా వెళ్ళింది. బస్సులు నడిపిస్తున్న వాలంటీర్లను ఇద్దరం కలిశాం. వాళ్ళు మంచివాళ్ళే. పాస్‌పోర్టు లేనివాళ్ళు ఎందరో ఉన్నారని, వేరే కాగితం పుట్టే దాకా ఆగాలని చెప్పారు. ఆమె తిరిగి ఆ పాత ఇంటికే వెళ్ళింది. బియ్యం కొంచెం మిగిలాయి. తలుపు లోపలి నుంచి మంచం అడ్డం పెట్టుకునేది.

నా బస్సు రోజున ఆమె, బస్సులు బయల్దేరే బడి గేటు దాకా వచ్చింది. ఇంటికేమైనా చెప్పాలా అని అడిగాను.

"నేనొక్కదాన్నే ఉండానని చెప్పాకు. మామా వాళ్ళతో ఆ సముద్రం ఊరికి పోయిందని చెప్పు."

"అమ్మా, వాళ్ళు నమ్ముతారా?"

"ముసిల్ది నమ్మల్యా?" అంది. బస్సు కదిలే దాకా నిలబడలేదు. ఒంటరిగా వెళ్ళాలి కదా, వెలుతురుండగానే పోవాలని గబగబా నడిచిపోయింది.

జోర్డాన్‌లో అమ్మాన్ దగ్గరి ఎడారి శిబిరంలో కొన్నాళ్ళుండి ఇంటికి చేరాను. కొద్ది రోజులాగి రాయచోటి వెళ్ళాను. ఆమె పిల్లలిద్దరూ అక్క దగ్గర పెరుగుతున్నారు. అక్క శనక్కాయలు ఒలుస్తూ, చేతులు తుడుచుకుని లేచింది. చెల్లెలు చెప్పమన్న మాట చెప్పాను. ఉరుగ్వే అంటే ఆమెకు అర్థం కాలేదు. చాలా దూరమన్నాను.

"ఆడ యుద్ధం ల్యాదు గదా సార్?"

"లేదు" అన్నాను.

"తిండికి?"

రొయ్యలు దొరుకుతాయని చెప్పాను. ఇప్పుడు చలి తగ్గుముఖం పట్టి ఉంటుందని, మసీదు కూడా ఉందని, వ్యాసంలో ఉన్నవీ లేనివీ చెబుతూ పోయాను. ఆమె పిల్లల్ని పిలిచి వినమంది.